పోయిన అభిమాని గురించి ఎంతవరకు రాయాలి?

"పోయినవాడికి ప్రైవసీ ఏంటండీ?" అభిమాన సంఘాలు స్మారక సంచిక వేసే ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది. దానికి ఎదురుగా ఇంకో వాదన ఉంది: పోయినవాళ్ల గురించి అసలేమీ రాయకపోవడమే మర్యాద అని. మొదటి మాట ఇంట్లోవాళ్లను గాయపరుస్తుంది. రెండోది ఆ మనిషిని ఊరి జ్ఞాపకంలోంచే తుడిచేస్తుంది.

కూసుమంచి సెంటర్‌లోనైనా, ఖమ్మం జిల్లాలో ఏ మండల కేంద్రంలోనైనా కన్నీటి నివాళి ఫ్లెక్సీలు కనిపిస్తూనే ఉంటాయి. ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద మిత్రబృందం. ఒక వానకు ఫ్లెక్సీ వెలిసిపోతుంది. రిలీజ్ రోజున తెల్లవారుజామునే థియేటర్‌కు తోరణాలు కట్టినవాడు, హీరో పుట్టినరోజుకు రక్తదానానికి పదిమందిని వెంటబెట్టుకెళ్లినవాడు ఆ తర్వాత ఎక్కడా మిగలడు. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలైనప్పటి నుంచి ఇలా రక్తం ఇచ్చి, ఇప్పించి, వెళ్లిపోయినవాళ్లు ఎందరో. ఎస్.వి. శ్రీనివాస్ లాంటి పరిశోధకులు అభిమాన సంఘాలను తెలుగు సమాజ చరిత్రలో భాగంగా అధ్యయనం చేశారు. అంత చరిత్ర ఉన్నవాళ్లకు తమ సంఘం పుస్తకంలో ఒక పేజీ ఉండాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2021లో జయలలిత జీవితం మీద తీసిన సినిమా కేసులో మద్రాస్ హైకోర్టు, ఆ హక్కు మనిషితోనే ముగుస్తుందని, వారసులకు సంక్రమించదని చెప్పింది. దీన్ని పట్టుకుని ఏదైనా రాసేయొచ్చు అనుకుంటే పొరపాటు. కుటుంబసభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో, చనిపోయినవాళ్ల పరువు తీసేలా రాస్తే అది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కావచ్చు. పైగా ఆ పేజీలో కనిపించే భార్య, పిల్లలు, స్నేహితులు బతికే ఉన్నారు. వాళ్ల గోప్యత వాళ్లకు ఉంది.

ఎక్కడ గీత గీయాలో నాకు వీరగల్లు, అంటే పోరులో పోయినవాడి గుర్తుగా నిలిపిన రాయి, నేర్పింది. కూసుమంచి గణపేశ్వరాలయం చూసి కాకతీయుల శిల్పకళను మెచ్చుకుంటాం, మంచిదే. కానీ తెలంగాణ ఊళ్ల పొలిమేరల్లో సగం మట్టిలో కూరుకుపోయిన వీరగల్లుల ముందు కూడా అంతసేపూ నిలబడాలి. చాలా రాళ్ల మీద అడుగున పోరు, మధ్యలో వీరుణ్ని పైలోకానికి తీసుకెళ్తున్న అప్సరసలు, పైన శివలింగం చెక్కి ఉంటాయి. ఎందరికో పేరు కూడా ఉండదు. ఊరికోసం ఏం చేశాడో ఉంటుంది, ఎలా పోయాడో ఉంటుంది. అతని అప్పులు, జబ్బులు, ఇంటి గొడవలు ఉండవు. నలుగురి మధ్య చేసిన పనిలోనే ప్రాణం పోయింది కాబట్టి చావు కూడా రాతికెక్కింది.

మరణకారణం విషయంలో మనం పాటించాల్సిన కొలత సరిగ్గా ఇదే. 2020 సెప్టెంబర్ 1 రాత్రి చిత్తూరు జిల్లా శాంతిపురం మండలంలో పవన్ కల్యాణ్ పుట్టినరోజు బ్యానర్ కడుతూ ముగ్గురు అభిమానులు కరెంటు షాక్‌తో చనిపోయారు. 2023 జులైలో నరసరావుపేట దగ్గర సూర్య పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు అలాగే పోయారు. ఈ కారణాలు దాచకూడదు, స్పష్టంగా రాయాలి. అవి అభిమాన కార్యక్రమంలోనే జరిగాయి. అవి చదివితేనే రేపు కరెంటు తీగల కింద ఇనుప ఫ్రేమ్ ఎత్తబోయే కుర్రాడు ఒక్కసారి ఆగుతాడు. అదే ఒక సభ్యుడు ఆసుపత్రిలోనో ఇంట్లోనో పోతే, జబ్బు పేరు మనకు అక్కర్లేదు. "అనారోగ్యంతో" అన్న మాట కూడా ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే. ఆత్మహత్య అయితే మరింత జాగ్రత్త. అలాంటి వార్తలను ఆకర్షణీయంగా, వివరంగా రాయొద్దని 2019లో ప్రెస్ కౌన్సిల్ పత్రికలకే చెప్పింది. అభిమానమే కారణమని రాయడం ఇంకా పెద్ద తప్పు, అది ఇంకొకరికి దారి చూపుతుంది.

రెండో చిక్కు పేరుతో. అభిమానికి తరచూ రెండు పేర్లుంటాయి, ఆధార్ కార్డులో ఒకటి, హీరో పేరు ముందు తగిలించుకుని సంఘంలో పిలిపించుకునేది ఇంకొకటి. రేడియో రోజుల్లోనూ అంతే. జనరంజని కార్యక్రమానికి పాటలు కోరుతూ ఉత్తరాలు రాసినవాళ్లలో ఇంట్లో తెలియకుండా వేరే పేరుతో రాసిన ఆడపిల్లలు ఉన్నారు. పోయిన తర్వాత ఆ రెండు పేర్లనూ కలిపేసే హక్కు మనకు లేదు. సంఘంలో ఏ పేరుతో ఉన్నారో ఆ పేరే రాయాలి. ఊరంతా ఎరిగిన విషయమే కదా అంటారు. ఊరికి తెలియడం వేరు, అచ్చులో జిల్లాలు దాటడం వేరు. కులం, డోర్ నంబర్, పిల్లల స్కూలు పేరు అసలు వద్దు. గ్రూపు ఫొటో వేస్తే అందులో బతికున్నవాళ్లను కూడా అడగాలి.

పేజీ రాయాలంటే ముందు ఆధారాలు మిగలాలి. ధనిష్టా పంచకం లాంటి కీడు నక్షత్రంలో పోయారని ఇల్లు మూసేసి, పోయినవాళ్ల కాగితాలు, ఫొటోలు అరిష్టమని తగలబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నక్షత్రం ఎవరికీ కీడు చేయదు. ఆ మంటలో పోయేది పాత సభ్యత్వ రసీదులు, వంద రోజుల షీల్డు దగ్గర దిగిన ఫొటో. పదకొండో రోజు దాటాక వెళ్లి, వాటిని మాకిస్తారా అని మెల్లగా అడగండి. ఇవ్వం అంటే వచ్చేయండి.

అసలు బతికుండగానే అడిగి పెట్టుకోవడం మేలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, మనం పోయాక మన డేటా హక్కులు చూసుకునే మనిషిని ముందే నామినేట్ చేసుకునే నిబంధన ఉంది. అభిమానులు రాసుకున్న కథలను భద్రపరిచే 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' వెబ్‌సైట్ ఇంకో అడుగు వేసింది: తన తర్వాత ఖాతా ఎవరు చూడాలో సభ్యుడే ఎంచుకోవచ్చు, ఆ మనిషి చుట్టమే కానక్కర్లేదు, తోటి అభిమాని అయినా చాలు. మన సంఘాల సభ్యత్వ ఫారంలో రక్తం గ్రూపు ఎప్పటినుంచో అడుగుతున్నాం. దాని కింద మూడు గీతలు చేర్చడానికి ఖర్చేమీ లేదు: ఏ పేరుతో గుర్తుపెట్టుకోవాలి, ఏ ఫొటో వేయాలి, ఎవరిని అడిగి వేయాలి.