అరగంట తీరికలో అన్నం, అందం, అల్లిక

రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరిన ఉద్యోగినికి ఆ వేళ కూర తరగాలంటే ఓపిక ఉండదు. అలాంటి పూట కోసం తెలుగిళ్ళలో తరతరాలుగా ఒక ఏర్పాటు ఉంది: కందిపొడి. వేడన్నంలో రెండు చెంచాల పొడి, మీద నెయ్యి, పక్కన పచ్చిపులుసు. అన్నం కుక్కర్‌లో ఉడికేలోపు పచ్చిపులుసు తయారవుతుంది. చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు కలిపితే చాలు, దానికి పొయ్యి అక్కర్లేదు. పప్పూ ఉంది, పులుపూ ఉంది, కడుపు నిండుతుంది.

ఐదు నిమిషాల్లో వంట అని చెప్పేవాళ్ళు చాలామంది ఆ ఐదు నిమిషాలకి ముందు తరుక్కోవడాన్నీ, తర్వాత గిన్నెలు తోముకోవడాన్నీ లెక్కలో వేయరు. ఆడవాళ్ళకి నిజంగా సమయం మిగిల్చేవి వేరే ఉన్నాయి. ఒకసారి చేసి పెట్టుకుంటే నెలంతా ఆదుకునేవి కొన్ని. మధ్యలో ఎక్కడ ఆపినా పాడవకుండా, మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకోగలిగేవి మరికొన్ని. వంటలో, అలంకరణలో, చేతిపనుల్లో మన పెద్దవాళ్ళు నిలుపుకున్నవాటిలో చాలా మటుకు ఈ రెండు కోవలవే.

కందిపొడినే దగ్గరగా చూద్దాం. కప్పు కందిపప్పు, అందులో సగం సెనగపప్పు, ఎనిమిదో పదో ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు. వెల్లుల్లి ఇష్టమైతే నాలుగు రెబ్బలు, లేకపోతే చిటికెడు ఇంగువ. నూనె లేకుండా, సన్నటి మంట మీద, దేనికది విడిగా వేయించాలి. మంట పెంచితే పప్పు పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఆ పచ్చివాసన పొడిలో ఎన్ని రోజులైనా పోదు. గింజ ఎర్రబడి కమ్మటి వాసన వచ్చాక దించి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మిక్సీలో వేస్తే లోపల ఆవిరి పట్టి పొడి ముద్ద కడుతుంది. ఆ తడే తర్వాత బూజుకి దారి తీస్తుంది. పొడి నిలవ ఉండటంలోని కిటుకంతా తడి లేకపోవడంలోనే ఉంది. బూజుకైనా బాక్టీరియాకైనా నీరు కావాలి. వేయించడంతో పప్పులో ఉన్న కాస్త తేమా పోతుంది. డబ్బాలో తడి చెంచా పెట్టొద్దని అమ్మమ్మలు కసిరేది అందుకే.

అన్ని పొడులూ ఒకేలా నిలవుండవు. కందిపప్పులో కొవ్వు తక్కువ కాబట్టి దాని పొడి ఎక్కువ రోజులు వస్తుంది. నువ్వులపొడి, పల్లీలపొడి, కొబ్బరికారం అలా కాదు. వాటిలోని నూనె గాలి తగిలి మెల్లగా పాడవుతుంది, వాసన మారుతుంది. వాటిని కొంచెం కొంచెంగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు. పల్లీలకి బూజు పడితే మాత్రం పైపైన ఏరేసి వాడకూడదు. కొన్ని రకాల బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది కాలేయానికి చేటు. వేయించినా అది పూర్తిగా పోదు. మొత్తం పారేయడమే దారి.

ఈ పొడులు కొట్టడానికి ఒకప్పుడు రోలు, రోకలి, ఇద్దరు మనుషులు కావలసి వచ్చేవి. 1960ల్లో బొంబాయిలో మాధురి మాథుర్ అనే గృహిణి వాడుతున్న విదేశీ మిక్సీ మన పిండ్లు రుబ్బలేక కాలిపోతే, ఇంజనీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ మన వంటకి తట్టుకునే మోటారుతో కొత్తది తయారుచేశారు. అదే సుమీత్ మిక్సీ. ఎండుకొబ్బరీ, పసుపుకొమ్ములూ నలగ్గొట్టగల యంత్రం వంటింట్లోకి వచ్చాక ఆదివారం పనంతా ఒక గంటకి దిగింది.

కుక్కర్ చేసిన మేలూ తక్కువ కాదు. లోపలి ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి పప్పు అంత త్వరగా మెత్తబడుతుంది. అయినా గోంగూరపప్పు చేసిన రోజు ఎన్ని కూతలు వచ్చినా పప్పు పలుకుగానే ఉందని చాలామంది విసుక్కుంటారు. తప్పు కుక్కర్‌ది కాదు. పులుపు తగిలితే పప్పు గింజలోని కణాల గోడలు తొందరగా కరగవు. గోంగూరైనా, చింతపండైనా, పచ్చిమామిడైనా పప్పు ఉడికాక కలపాలి, లేదా వేరే గిన్నెలో ఉడికించి కలపాలి. కుక్కర్‌లో అడుగున పప్పు, పైగిన్నెలో గోంగూర పెడితే రెండూ ఒకేసారి అయిపోతాయి. గ్యాసూ ఆదా.

ఇంత ఆదా ఎందుకంటే, మిగిలే సమయం అంత తక్కువ. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే మహిళలు రోజుకి సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనికే పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. అంతకుముందు 2019 సర్వేలో మహిళల లెక్క 299 నిమిషాలు. అయిదేళ్ళలో తగ్గింది పది నిమిషాలే. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే సమయం ఇందులో లేదు, దానిది వేరే లెక్క. పొడులు, పచ్చళ్ళు, రుబ్బి పెట్టుకున్న పిండి ఈ బరువుని కాస్త తగ్గిస్తాయి, నిజమే. కానీ ఆదివారం పూట పొడి కొట్టేదీ, మిక్సీ జారు కడిగేదీ కూడా మళ్ళీ ఆ ఒక్క మనిషే అయితే, వారమంతా మిగిలిన సమయం ఆదివారం నుంచి కోసి తెచ్చినదే అవుతుంది. పప్పు వేయించడానికి అనుభవం అక్కర్లేదు, పొయ్యి దగ్గర నిలబడే ఓపిక చాలు. అది ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు, నేర్చుకుని తీరాలి.

వంటింటి డబ్బాల పక్కనే ఇంకో డబ్బా ఉండేది, సున్నిపిండిది. పండగకి తలంటు పోసుకునే రోజున నూనె జిడ్డు వదిలించడానికి ఇప్పటికీ దానికి సాటి వచ్చేది తక్కువ. పెసలు గానీ సెనగపప్పు గానీ ఆడించిన పిండి, కొంచెం పసుపు, వాసనకి కచ్చూరాలు. ఈ పిండి నూనెని పీల్చుకుంటుంది, మెత్తటి రాపిడితో మురికిని లాగేస్తుంది. మామూలు సబ్బుకి క్షారగుణం ఎక్కువ, మన చర్మానికి ఉండేది కాస్త ఆమ్లగుణం. సబ్బుతో ఒళ్ళు పొడిబారి తెల్లగా పగిలేవాళ్ళకి చలికాలంలో సున్నిపిండి హాయిగా ఉండేది ఇందుకే. పిండి మాత్రం జల్లెడ పట్టి మెత్తగా ఉంచుకోవాలి. బరకగా ఉన్నది ముఖానికి రుద్దితే గీరుకుపోతుంది.

సున్నిపిండిలో కొందరు బావంచాలు కలుపుతారు. వాటి విషయంలో జాగ్రత్త అవసరం. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంది. దాన్ని బొల్లి చికిత్సలో వైద్యులు కొలిచి, అతినీలలోహిత కాంతితో కలిపి వాడతారు. చర్మాన్ని ఎండకి ఎక్కువగా స్పందించేలా చేయడమే దాని గుణం. అలాంటిది రాసుకుని ఎండలో బస్సు కోసం నిలబడితే నల్లమచ్చలు, ఒక్కోసారి బొబ్బలు కూడా రావచ్చు. నిమ్మరసంతోనూ ఇదే చిక్కు. సోరలెన్ జాతికే చెందిన పదార్థాలు నిమ్మజాతి కాయల్లోనూ ఉంటాయి. పైగా ఆ పులుపు చర్మానికి అవసరమైన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కూరలో వేసుకునేది కదా, ముఖానికి రాస్తే ఏమవుతుందిలే అనే ధీమా మంచిది కాదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మందుల దుకాణాల్లో ఉంది. వారంలో తెల్లబరుస్తాయంటూ చేతులు మారే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్లు ఉంటాయి. మొదట్లో ముఖం నిగనిగలాడినట్టే ఉంటుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు పొక్కి, మానేస్తే మంట పుట్టే స్థితి వస్తుంది. ఇవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివని కేంద్ర ప్రభుత్వం 2018లో వాటిని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. అయినా పక్కింటావిడ చెప్పిందని కొనేవాళ్ళు ఉన్నారు. మేనిరంగు మార్చుకోవలసిన జబ్బు కాదని ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో గట్టిగా చెప్పుకోవాలి.

గోరింటాకు దగ్గర మనసు తేలికపడుతుంది. ఆషాఢంలో కొమ్మలు తెచ్చి, ఆకు దూసి, కాస్త చింతపండో నిమ్మరసమో వేసి రుబ్బడం ఇంకా చాలా ఇళ్ళలో జరుగుతోంది. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం నలిగినప్పుడు బయటపడుతుంది, పులుపు దానికి తోడవుతుంది. అది చర్మంలోనూ గోళ్ళలోనూ ఉండే కెరటిన్‌ని పట్టుకుంటుంది. అరచేయి, వేళ్ళ కొసలు అంత ఎర్రగా పండేది అక్కడి చర్మం మందంగా ఉంటుంది కాబట్టి. తీసిన వెంటనే నారింజరంగులో ఉన్నా నిరాశపడనక్కర్లేదు. గాలి తగిలేకొద్దీ ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. ఆ లోపు సబ్బునీళ్ళలో చేతులు నానకుండా చూసుకోవాలి. రాత్రి పెట్టుకుని పడుకుంటే పొద్దుటికి పని అయిపోతుంది, అదనంగా సమయం కేటాయించనక్కర్లేని అలంకరణ ఇది. ఆ రాత్రి అంట్లు మాత్రం వేరెవరైనా తోమాలి.

అరగంటలో నల్లగా పండే కోన్‌ని నమ్మకూడదు. గోరింటాకు సహజంగా నలుపు రంగునివ్వదు. ఆ నలుపు చాలాసార్లు పీపీడీ అనే తలరంగు రసాయనానిది, దాంతో చేయి బొబ్బలెక్కి మచ్చలు మిగిలినవాళ్ళు ఉన్నారు. ఒకసారి పడకపోతే ఆ తర్వాత తలకి రంగు వేసుకోవడమూ కష్టమవుతుంది. పసిపిల్లల విషయంలో అసలు గోరింటాకు కూడా వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లల్లో అది ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది.

ఇక చేతిపనులు. ప్రతి తెలుగింటి బీరువాలోనూ పేరంటాల్లో, పెళ్ళిళ్ళలో వచ్చిన జాకెట్టు ముక్కల కట్ట ఒకటి ఉంటుంది. కొలత చాలనివి, రంగు నప్పనివి ఏళ్ళ తరబడి చేతులు మారుతుంటాయి. రెండు ముక్కల్ని లోపలి లైనింగుతో కలిపి కుడితే కూరగాయల సంచీ అవుతుంది. ఒక ముక్కతో లంచ్‌బాక్సు సంచీ వస్తుంది. కుట్టుమిషను లేకపోయినా పరవాలేదు, చేత్తో ఒత్తుగా కుట్టినా నిలుస్తుంది.

పాత నేతచీరలకి బొంత. చాలాసార్లు ఉతికిన నూలుచీరలో గంజి పూర్తిగా పోయి పోగు మెత్తబడుతుంది కాబట్టి కొత్త గుడ్డతో ఆ మెత్తదనం రాదు. నాలుగైదు పొరలు ముడత లేకుండా పరిచి, నడిమి నుంచి అంచుల వైపు పెద్ద టాకాలు వేసుకుని, తర్వాత వరసలుగా కుట్టుకుంటూ పోవాలి. అంచుల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యలో చేరతాయి. రోజుకి ఒక వరస కుట్టినా వర్షాకాలానికి మొదలుపెట్టినది చలికాలానికి అందుతుంది.

తీరిక తునకలకి అన్నిటికంటే బాగా సరిపోయేది లేసు అల్లిక. ఊలు సూదులతో స్వెట్టరు అల్లేటప్పుడు పదుల కొద్దీ ముడులు సూది మీదే ఉంటాయి, సూది జారితే అన్నీ ఊడతాయి. లేసు అల్లే క్రోషే కొక్కెం మీద ఉండేది ఒక్కటే ముడి. పాలు పొంగినా, పిల్లవాడు పిలిచినా, ఆ ఒక్క ముడిని కాస్త లాగి వదిలేసి లేచిపోవచ్చు. తిరిగి వచ్చి కొక్కెం దూర్చితే అల్లిక అక్కడే ఉంటుంది.

గోదావరి జిల్లాల్లో నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో వేలమంది మహిళలు ఈ పని చేస్తున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన అల్లిక అది. ఒకరు పూలు అల్లుతారు, ఇంకొకరు వాటిని అతుకుతారు, టేబుల్ గుడ్డలై విదేశాలకి పోతాయి. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ ఉండి పరిశోధించి 1982లో ప్రచురించిన పుస్తకంలో ఒక చేదు నిజం రాశారు. రోజుకి ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లే ఈ మహిళల్ని అందరూ ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులుగానే లెక్కేశారు, పనిని తీరికవేళ కాలక్షేపం అన్నారు, కూలీ కూడా ఆ లెక్కనే ఇచ్చారు. సరదాకి అల్లుకోవడం వేరు, బతుకుతెరువుకి అల్లడం వేరు. రెండో దానికి కూలీ గంటల లెక్కన కట్టాలి.

సరదాకి మొదలుపెట్టేవాళ్ళు నరసాపురం వాళ్ళు వాడే సన్నటి నూలుదారం జోలికి వెంటనే పోకూడదు, కళ్ళు లాగుతాయి, కుట్లు కనబడవు. కాస్త లావు దారం, దానికి తగిన కొక్కెం, లేతరంగు తీసుకోవాలి. ముదురురంగు దారంలో రాత్రి లైటు కింద ముడి ఎక్కడుందో తెలియదు. మొదట వట్టి గొలుసు అల్లాలి, ముడులన్నీ ఒకే సైజులో వచ్చేదాకా విప్పుతూ అల్లుతూ ఉండాలి. తర్వాత జానెడు చదరం. అది వంకర పోకుండా వచ్చిందంటే చేయి తిరిగినట్టే, వేడిగిన్నె కింద పెట్టుకునే బట్ట ఒకటి ఇంటికి అమరినట్టే. ఆ పనికి నూలుదారమే వాడాలి, సింథటిక్ ఊలు వేడికి కరుగుతుంది.