పొట్లముపై గుర్తు

మొన్న ఎనిమిదవ తరగతి బాలుడొకడు బిస్కత్తు పొట్లమును నాకు చూపి, దానిపై పచ్చచుక్క యేల యున్నదనియు, వేరొక పొట్లముపై చూచిన ‘హలాల్’ ముద్రయు ఇటువంటిదేనా యనియు అడిగెను. ప్రశ్న చిన్నదే. కాని దీనినిగూర్చి వీధులలోను న్యాయస్థానములలోను వాదములు నడచినవి. కావున విద్యార్థులును వారి తల్లిదండ్రులును తెలిసికొనదగినంత ఇచట వ్రాయుచున్నాను.

పచ్చచుక్క ప్రభుత్వము విధించిన గుర్తు. పచ్చని చతురస్రములో పచ్చని చుక్క యున్నచో లోపలిది శాకాహారము. మాంసము, చేప, గ్రుడ్డు మున్నగునవి కలిసినచో గోధుమరంగు త్రిభుజముండవలెను. పూర్వము దానికిని చుక్కయే యుండెడిది. రంగుల భేదము తెలియనివారు పొరపడకుండుటకై 2020 నాటి నిబంధనలు దాని ఆకారమును మార్చినవి. పాలు జంతువునుండి వచ్చినవే యైనను ఈ లెక్కలో శాకాహారమే. అనగా ప్రభుత్వపు గుర్తుకూడ మన దేశాచారమును అనుసరించినదే.

హలాల్ అనగా ఇస్లాము ధర్మము అనుమతించినది. పశువును దేవుని నామముచ్చరించి వధించి రక్తము పోనీయవలెను. పందిమాంసము, మద్యము కలియరాదు. అందుచే మాంసము లేని వస్తువులకును ఈ ముద్ర యుండవచ్చును. మన దేశమున దీనిని సాధారణముగా ప్రైవేటు సంస్థలు రుసుము తీసికొని యిచ్చుచున్నవి.

ఈ రుసుము భారము అందరిపై పడుననియు, ఆ విధముగా వధించిన మాంసము సిక్కులకు నిషిద్ధమనియు కొందరి వాదము. ముద్ర ఐచ్ఛికమే యనియు, అది లేనిచో తమ నియమమును పాటించుట యెట్లనియు ఇతరులందురు. మన కర్ణాటకమున 2022 ఉగాది మరునాడు, హొసతొడకునాటికి, హలాల్ మాంసము కొనవలదని కొందరు ప్రచారము చేసిరి. 2023 నవంబరు 18న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము హలాల్ ముద్రగల వస్తువుల విక్రయమును నిషేధించి, ఎగుమతులకు మాత్రము మినహాయింపు నిచ్చెను.

2024లో వాదము మరియొక మెట్టెక్కినది. గంగాజలమును కావళ్లతో మోయు శివభక్తుల కన్వర్ యాత్ర మార్గమున, భోజనశాలలవారు తమ పేర్లను ప్రదర్శింపవలెనని ఆదేశములు వెలువడినవి. జులై 22న సుప్రీంకోర్టు మధ్యంతరోత్తర్వు నిచ్చుచు, ఆహారమెట్టిదో తెలుపుమనవచ్చును గాని, యజమానుల, పనివారల పేర్లు తెలుపుమని నిర్బంధింపరాదని చెప్పెను. ఆ యుత్తర్వు నిచ్చిన ఇరువురు న్యాయమూర్తులలో ఒకరు మదనపల్లెలో జన్మించిన ఎస్.వి.ఎన్. భట్టిగారు.

ఈ భేదమును మనము మరువరాదు. తాను తినునదేదో తెలిసికొనుట ప్రతివాని హక్కు; అతని నియమమును గౌరవించుట మన విధి. కాని వండినవాడెవడని విచారించి యతని అంగడిని విడిచిపెట్టుట ఆహారపరీక్ష గాదు; అది మనుష్యుని పరీక్షించుట. దానివలన పోవునది ఒక కుటుంబపు జీవనోపాధి.

బాలలారా! మధ్యాహ్నమున ప్రక్కవాని డబ్బాలో ఏమున్నదని నిస్సంకోచముగా అడుగుడు. మీకు సరిపడనిచో మర్యాదతో వలదనుడు. కాని వాని ప్రక్కనుండి మాత్రము లేచిపోకుడు.