కృష్ణ వెంట రోడ్డు ప్రయాణం: నల్లమల లోయ నుంచి కొల్లేరు, దివిసీమల దాకా

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- నల్లమల లోయకూ కృష్ణా డెల్టాకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- కొల్లేరు ఎలా ఏర్పడిందో, వరదల సమయంలో దాని పాత్ర ఏమిటో చెప్పగలుగుతారు.
- గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల్లో ప్రయాణించేటప్పుడు ఏమేమి గమనించాలో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

లోయ, నది, సరస్సు ఉన్న దారిలో ప్రయాణం ఎవరికైనా ఇష్టమే. అయితే అందం చూసి రావడం వేరు, ఆ నేల అలా ఎందుకు ఉందని అడుగుతూ వెళ్లడం వేరు. ఈ పాఠంలో రెండో పద్ధతిలో ప్రయాణిద్దాం. దిగువ కృష్ణా డెల్టాలో లోయలు లేవు. కానీ ఆ డెల్టా మట్టి వచ్చిన దారిలో ఒక లోయ ఉంది. అందుకే ముందుగా ఎగువన ఉన్న నల్లమలను చూసి, తరువాత కిందికి దిగుదాం.

2. లోయలో నది

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మన్ననూరు దగ్గర నల్లమల అడవిలోకి ప్రవేశిస్తుంది. ఇది పులుల సంరక్షణ ప్రాంతం కాబట్టి రాత్రివేళ వాహనాలను అనుమతించరు. దోమలపెంట, ఈగలపెంట దాటాక ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ నది దగ్గరికి దిగుతుంది. వంతెన దాటగానే మళ్లీ కొండెక్కుతుంది. ఈ దిగడం, ఎక్కడం వల్లే లోయ లోతు ఎంతో మీకు తెలుస్తుంది. గట్టి రాతిని నది వేల తరాలుగా కోసుకుంటూ పోవడంతో ఈ ఇరుకు లోయ ఏర్పడింది.

లోయ ఇరుకుగా ఉంటే ఆనకట్ట పొడవు తక్కువైనా సరిపోతుంది, వెనుక నీరు మాత్రం లోతుగా నిలుస్తుంది. శ్రీశైలం ఆనకట్ట పొడవు 512 మీటర్లు. మైదానంలో ఉన్న విజయవాడ ప్రకాశం బ్యారేజి పొడవు సుమారు 1,223 మీటర్లు. అదే నదికి కొండల మధ్య చిన్న అడ్డు చాలింది, మైదానంలో రెట్టింపుకు పైగా కావలసి వచ్చింది.

జలాశయంలో నీటితో పాటు ఒండ్రు కూడా ఆగుతుంది. శ్రీశైలం నిల్వ సామర్థ్యం మొదట సుమారు 308 టిఎంసీలు, ఇప్పుడు లెక్కించేది సుమారు 215 టిఎంసీలు. దిగువన నాగార్జునసాగర్ సామర్థ్యం 408 నుంచి 312 టిఎంసీలకు తగ్గింది. ఒక టిఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. ఈ తగ్గుదలకు ప్రధాన కారణం అడుగున చేరిన పూడిక. ఆనకట్టలు లేకుంటే అందులో చాలా భాగం డెల్టాకు, సముద్రతీరానికి చేరేది. ఈ విషయం గుర్తుంచుకోండి, దివిసీమలో దీని అవసరం వస్తుంది.

3. వాలు లేని నేల

విజయవాడ దగ్గర 1855లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. దీని కింద సుమారు 13 లక్షల ఎకరాలు సాగవుతాయి. బ్యారేజి దగ్గర నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 57 అడుగుల ఎత్తు. బందరు అక్కడికి దాదాపు 70 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు ఒక అడుగు వాలు కూడా లేదు.

వాలు ఇంత తక్కువగా ఉన్నప్పుడు సాగునీటి కాలువను మెరక మీదుగా తీసుకువెళ్లాలి. అప్పుడే రెండు వైపులా పొలాలకు నీరు పారుతుంది. మురుగు కాలువ పల్లంలో ఉండాలి. బస్సు కిటికీలోంచి చూస్తూ ఏది సాగు కాలువో, ఏది మురుగు కాలువో గుర్తుపట్టడం ఈ ప్రయాణంలో మీ మొదటి అభ్యాసం.

4. గుడివాడ నుంచి కొల్లేరుకు

గుడివాడ నుంచి కైకలూరు వైపు వెళ్తుంటే వరిచేలు క్రమంగా తగ్గి చేపల చెరువులు పెరుగుతాయి. మీరు పల్లంలోకి వస్తున్నారనడానికి అది గుర్తు. కృష్ణ, గోదావరి తమ తమ ఒండ్రుతో సముద్రంలోకి నేలను పెంచుకుంటూ పోయాయి. రెండు డెల్టాల మధ్య పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు ఇందులో కలుస్తాయి. నీరు సముద్రానికి వెళ్లే దారి మాత్రం ఒక్కటే, అది ఉప్పుటేరు.

అందువల్ల కొల్లేరు వరద నీటిని కొంతకాలం పట్టి ఉంచి, నెమ్మదిగా వదిలే తొట్టిలా పనిచేస్తుంది. తొట్టిలో గట్లు వేస్తే నీరు పరచుకునే చోటు తగ్గుతుంది. 1999లో 5 అడుగుల కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున తొలగించారు. చెరువులు పోతే మా బతుకుతెరువు ఏమిటని లంక గ్రామాలవారు అడుగుతారు. చెరువులు ఉంటే మా వరద ఎక్కడికి పోవాలని ఎగువ రైతులు అడుగుతారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కూడా చివరికి చేరవలసింది కొల్లేరుకే.

కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం ఉంది. శీతకాలంలో వెళ్తే గూడబాతుల గుంపులు కనిపిస్తాయి.

5. పెడన, బందరు

గుడివాడకు తిరిగివచ్చి గుడ్లవల్లేరు మీదుగా పెడన చేరవచ్చు. ఇక్కడి కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు, సహజ రంగులు ఎంత ముఖ్యమో, బట్టను ఉతికే పారే నీరు కూడా అంతే ముఖ్యం. అంటే కాలువ పొలానికే కాదు, చేతిపనికి కూడా ఆధారం.

బందరులో ఆంగ్లేయులు 1611లో వర్తక స్థావరం నెలకొల్పారు. కానీ తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేయవలసి వచ్చేది. రైతుకు నేలనిచ్చిన ఒండ్రే ఓడకు అడ్డంకి అయింది. 1864 నవంబరు 1న వచ్చిన తుఫాను ఉప్పెనలో ఇక్కడ సుమారు 30,000 మంది చనిపోయారు.

6. దివిసీమ

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరగానే నది పాయలుగా చీలుతుంది. పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. పులిగడ్డ దగ్గర ఆగి అక్విడక్టును చూడండి. కింద నది పాయ, పైన కాలువ! నది చుట్టూ ఉండగా కాలువ ఎందుకు? వరద లేని నెలల్లో బ్యారేజి దిగువకు వచ్చే మంచినీరు తక్కువ. పోటు సమయంలో సముద్రపు నీరు పాయల్లోకి ఎక్కుతుంది. అందుకే దివిసీమకు తీపినీరు విజయవాడ నుంచి కాలువలోనే రావాలి.

అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి దగ్గర కృష్ణ సాగరసంగమం. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ తీరాన్ని ముంచింది. పది వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సొర్లగొంది వంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. లోతు తక్కువ సముద్రం, ఎత్తు లేని నేల కలిసినచోట గాలి నెట్టిన నీటికి అడ్డు ఉండదు. మడ అడవులు ఆ వేగాన్ని కొంత తగ్గిస్తాయి. కానీ మడ మొక్క నిలవాలంటే ఒండ్రు కావాలి, మంచినీరు కావాలి. అవి రెండూ ఎగువ లోయలో ఆగుతున్నాయి. కొత్త ఒండ్రు రాని డెల్టా అంచును అలలు కోస్తాయి.

అలాగని ఆనకట్టలు వద్దనలేం. డెల్టా పంట కూడా వాటి నీటిపైనే ఆధారపడి ఉంది. ఎంత నీరు, ఎంత ఒండ్రు కిందికి వదలాలన్నదే అసలు సమస్య.

7. ప్రయాణ సూచన

డెల్టా భాగాన్ని రెండు రోజుల్లో ఆర్టీసీ బస్సుల్లో చూడవచ్చు. మొదటి రోజు గుడివాడ, కైకలూరు, పెడన చూసి బందరులో బస చేయండి. రెండో రోజు పులిగడ్డ, అవనిగడ్డ, హంసలదీవి చూడండి. తుఫాను హెచ్చరికలు ఉన్నప్పుడు తీరానికి వెళ్లకండి.

8. సారాంశం

లోయ, సరస్సు, సంగమం అనే మూడు దృశ్యాలు ఒకే నీటి వ్యవస్థలో భాగాలు. లోయలో ఆగిన ఒండ్రు తీరం మీద, కొల్లేరులో వేసిన గట్టు ఎగువ ఊళ్ల మీద ప్రభావం చూపుతాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. శ్రీశైలం ఆనకట్ట కంటే ప్రకాశం బ్యారేజి ఎందుకు పొడవైనది?
2. కొల్లేరును వరద నీటి తొట్టి అని ఎందుకు అంటాం?
3. పులిగడ్డ అక్విడక్టు అవసరాన్ని వివరించండి.
4. మీ ఊరి సాగు కాలువ, మురుగు కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తాయో పటం గీయండి.