సభలో స్త్రీ స్వరము

నోరు మంచిదైన ఊరు మంచిదగునని పెద్దలు చెప్పుదురు. ఇంటిలో పదిమందికి నచ్చజెప్పి కార్యము చక్కబెట్టుకొనగల ఇల్లాలు, సభలో నాలుగు మాటలు చెప్పుమనగానే వెనుకకు జంకుట ఏల? తెలివి లేక కాదు, అలవాటు లేక.

మన పల్నాటి సీమకు స్త్రీ సభలో మాటాడుట క్రొత్త కాదు. పండ్రెండవ శతాబ్దమున గురజాల నేలిన నలగామరాజునకు మంత్రిణియై రాజ్యతంత్రము నడిపినది నాయకురాలు నాగమ్మ. పల్నాటి యుద్ధమునకు ఆమెయే కారణమని నిందించువారు కలరు. కాని బ్రహ్మనాయని వంటి ప్రౌఢునకు ఎదురు నిలిచిన ఆమె ధైర్యమును కాదనువారు లేరు. కారెంపూడిలో ఏటేట జరుగు వీరుల ఉత్సవమున ఆ కథ నేటికిని వినబడుచున్నది.

1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగమును తెలుగున వినిపించిన దుర్గాబాయి పండ్రెండేండ్ల ప్రాయపు బాలిక. హిందీ శ్రద్ధతో నేర్చియుండుటచేతనే ఆ పని ఆమెకు సాధ్యమయ్యెను. విషయజ్ఞానమే ధైర్యమునకు తల్లి. ఆ బాలికయే పిమ్మట 1946లో ఏర్పడిన రాజ్యాంగసభలో సభ్యురాలై స్త్రీల హక్కులకొరకు వాదించెను.

1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవ వంతు స్థానములను స్త్రీలకిచ్చెను. ఆంధ్రప్రదేశమున అది నేడు సగమైనది. అయినను కుర్చీ భార్యదియు, మాట భర్తదియు నైనచో ఆ హక్కు కాగితముమీదనే నిలిచిపోవును. బిందె మోయువారికి తెలిసినంతగా నీటి కరవు మరెవ్వరికి తెలియును? తెలిసినవారే చెప్పవలెను.

చెప్పదలచినదానిని ముందుగా ఒక్క వాక్యమున వ్రాసికొనుడు. దానికి మూడు కారణములు చాలును. ప్రసంగమంతయు కంఠస్థము చేయరాదు. ఒక్క మాట మరచినచో తక్కినవన్నియు చెదరిపోవును. మొదటి వాక్యమును, చివరి వాక్యమును మాత్రము నోటికి పట్టించి, నడిమి విషయములను చిన్న కాగితముపై గుర్తు వేసికొనుడు. తోడికోడలినో, బిడ్డలనో కూర్చుండబెట్టి బిగ్గరగా చెప్పి చూచుకొనుడు.

లేచునప్పుడు గుండె దడదడలాడుట, గొంతు ఎండుట అందరికి సహజమే. భయమువలన ఊపిరి పైపైన ఆడును, దానిచే స్వరము వణకును. రెండుమూడు మారులు దీర్ఘముగా ఊపిరి విడిచి, లేచి నిలిచి, వెనుక వరుసవారిని చూచి, వారికి వినబడునట్లు మెల్లగా ఆరంభింపుడు. మైకున్నచో అరవనక్కరలేదు.

ఎవరైన అడ్డుప్రశ్న వేసినచో కడవరకు వినుడు. తెలియనిచో, విచారించి చెప్పెదననుట చిన్నతనము కాదు. చెప్పవలసినది ముగియగానే కూర్చుండుట మరువకుడు.

ఒక్కసారిగా పెద్దసభకు పోనక్కరలేదు. పొదుపు సంఘములో ఒక మాట, బడిలో తలిదండ్రుల సమావేశమున ఒక ప్రశ్న, పిమ్మట గ్రామసభలో ఒక విన్నపము. మెట్టు మెట్టుగా ఎక్కినవారికి కాలు జారదు. తల్లి సభలో నిలిచి మాటాడుట చూచిన ఆడుబిడ్డ, తన వంతు వచ్చిననాడు తల వంచుకొని కూర్చుండదు. ఈ నెలలో జరుగు ఏదేని ఒక కూటమిలో ఒక్క ప్రశ్నయైన అడుగుటకు నేడే సంకల్పింపుడు.