ఐరన్ ట్యాబ్లెట్ రోజూ వేసుకోవాలా.. రోజు విడిచి రోజా?
తెలుగు రాష్ట్రాల్లో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. వీళ్లలో చాలామందికి డాక్టర్లు రాసేది ఐరన్ ట్యాబ్లెట్లే. రోజూ వేసుకుంటేనే రక్తం త్వరగా పడుతుందా? స్విట్జర్లాండ్ పరిశోధకులు 2017లో చెప్పింది వేరు.

ట్యాబ్లెట్ వేసుకోగానే ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాదాపు 24 గంటల పాటు పేగులు ఐరన్‌ను పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. ఐరన్ నిల్వలు తక్కువున్న 40 మంది మహిళలకు 14 డోసుల చొప్పున ఇచ్చి చూశారు. రోజూ వేసుకున్నవాళ్ల ఒంటికి పట్టింది 16 శాతమే. రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్లకు దాదాపు 22 శాతం పట్టింది.

అయితే ఇది చిన్న స్టడీ. పైగా రక్తహీనత లేనివాళ్లపై చేసింది. అందుకే గర్భిణులు, రక్తహీనత ఉన్నవాళ్లు సొంతంగా డోసు మార్చొద్దు. వికారం వస్తోందని మానేసే బదులు, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. టీ, కాఫీలతో మాత్రం అస్సలు వేసుకోవద్దు.