మా తమ్ముడు ఏ లెక్కలో వున్నాడు?

కిందటి కార్తీకంలో పనిమీద అవనిగడ్డ వెళ్లాను. తిరుగు బస్సు ఆలస్యమైంది. కాఫీ హోటలు బల్లమీద నా పక్కన కూర్చున్న ముసలాయన మాట కలిపాడు.

"చదువుకున్నవారిలా వున్నారు బాబూ, ఉప్పెనలో ఎంతమంది పోయారంటారు?"

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సంగతి తెలియని తెలుగువారెవరు? "పదివేలంటారు గదా" అన్నాను.

"మరి అందులో మా తమ్ముడు వున్నాడా?"

అన్నదమ్ములిద్దరూ కోతలకని పై జిల్లా నుంచి వచ్చారట. ఈయన చెట్టు పట్టుకుని బతికాడు. తమ్ముడి శవం దొరకలేదు. పరాయివాడు గనుక ఇక్కడి జాబితాలో పేరు లేదు. అక్కడ ఉప్పెన రాలేదు గనుక సొంతవూళ్లోనూ రాయలేదు!

నాకు నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. ఒకచోట 10 వేలు. మరొకచోట 14 వేలు. దొరికిన శవాలనే లెక్కిస్తే ఒక సంఖ్య వస్తుంది, గల్లంతైనవారిని కలిపితే మరొకటి. ఏది లెక్కించారో చెప్పనిదే రెండింటినీ పోల్చడం ఎలా? 1839 నాటి కోరంగి తుఫానుకు 3 లక్షల మంది బలి అని రాస్తూ వచ్చారు. ఎవరు లెక్కపెట్టారో నేను చూసినవాటిలో ఎక్కడా లేదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. విపత్తు మరణాలను 2030 నాటికి బాగా తగ్గించాలని 2015లో జపానులోని సెండాయ్ నగరంలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. తగ్గాయో లేదో తెలియాలంటే అందరి కొలబద్ద ఒకటే కావాలి గదా! అందుకే మృతులనూ, గల్లంతైనవారినీ కలిపి లక్ష జనాభాకు ఎందరో చెప్పాలని 2017లో ఐక్యరాజ్యసమితి ఖాయం చేసింది.

అయినా జల్లెడలో కంతలున్నాయి. బెల్జియంలోని ఒక విశ్వవిద్యాలయం నడిపే ప్రపంచ పట్టికలోకి ఎక్కాలంటే 10 మందైనా చనిపోవాలి, లేదా 100 మందైనా బాధితులు కావాలి, లేదా ప్రభుత్వం అత్యవసర స్థితి ప్రకటించో, విదేశీ సాయం కోరో వుండాలి. మన దేశంలో ఏటా 2 వేలమందికి పైగా పిడుగుపాటుకు పోతున్నారు. చేలో ఒకరూ ఇద్దరూ పోతే ఆ పట్టికకు తెలిసేదెట్లా?

లెక్కలో లేని మనిషి ఇంటికి పరిహారం రాదు. అతనికి చోటుండేలా తుఫాను షెల్టరూ కట్టరు.

బస్సు వచ్చింది. లేస్తూ వుంటే ముసలాయన అన్నాడు: "రాసేవాళ్లకు చెప్పండి బాబూ! ఎక్కడివాడని ఒక్కటే కాదు, ఎక్కడ పోయాడని కూడా అడగమనండి."

గణాంకశాస్త్రం ఇంతకంటె ఏం చెబుతుంది?