మోటారు గృహములో దీపము మిణుకుమన్నప్పుడు

ఇల్లు కదలదు, బండిలో కాపుర ముండరు: ఇది మన మెఱిగిన లోకరీతి. అమెరికా, ఇంగ్లండు మున్నగు దేశములందు ఈ రెండింటిని ఒక్కటిగా కూర్చిన మోటారు గృహములు కలవు. మంచములు, పొయ్యి, నీటితొట్టి, రిఫ్రిజిరేటరు, స్నానపు గది, అన్నియు ఒక పొడవైన మోటారు బండిలో ఇమిడియుండును. అచ్చట కాపురమున్న తెలుగు కుటుంబములలో కొందఱు వేసవి సెలవులకు ఇట్టి బండిని అద్దెకు గొని, పిల్లలతోను ఆవకాయ జాడీతోను దేశము చూచి వత్తురు. మన చెల్లెండ్రును కుమార్తెలును అచ్చట నుండుటచే ఈ సంగతి మన పత్రికలో వ్రాయుట తగునని తలంచితిమి.

ఈ బండ్లలో విద్యుద్దోషములు విపరీతముగా కనబడును. కుళాయి త్రిప్పగనే దీపములు మసకబారును. ఒక స్విచ్చి నొక్కిన మఱియొక దీపము మిణుకుమనును. పగలెల్ల చక్కగా నడచిన విసనకఱ్ఱ యంత్రము రాత్రి మూలుగును. గృహిణి దీపమును మార్చును, పిదప పంపును మార్పించును. ధనము వ్యయమగును గాని రోగము పోదు. మా యభిప్రాయమున, పెక్కు వస్తువులు ఒక్కసారి చెడినట్లు తోచినచో వస్తువులను అనుమానింపరాదు. వానికన్నిటికి ఉమ్మడియైన దారిని అనుమానింపవలెను.

ఆ దారి యెట్టిదో తెలియవలెను గదా. బండి ఇంజనుకు ఒక బ్యాటరీ, ఇంటి యవసరములకు వేఱొక బ్యాటరీ యుండును. దీపములు, నీటిపంపు, వేడిగాలి యంత్రపు పంకా, గ్యాసును పసికట్టు సాధనము, ఇవి యన్నియు ఇంటి బ్యాటరీయొక్క 12 వోల్టులతో నడచును. రిఫ్రిజిరేటరు గ్యాసుతో నడచునదైనను దాని మెదడునకు ఈ 12 వోల్టులే ఆధారము. బస దిగినచోట విద్యుత్తు లభించిన, అది అమెరికాలో 120 వోల్టులు, ఇంగ్లండులో 230. దానిని తగ్గించి బ్యాటరీకి పట్టించుటకు కన్వర్టరను యంత్ర ముండును.

పండ్రెండు వోల్టులు చేతికి తగిలినను ప్రమాదము లేదు గనుక దీనిని చులకనగా చూతురు. కాని వోల్టులు తక్కువైనకొలది దారి శుభ్రముగా నుండవలెను. 96 వాట్ల పనికి 120 వోల్టులయొద్ద 0.8 ఆంపియరు చాలును. 12 వోల్టులయొద్ద 8 ఆంపియర్లు పాఱవలెను. దారిలో ఒక తీగ బిగువు తప్పి, ఓములో పదవవంతు నిరోధము కలిగినదనుకొందము. ఎక్కువ వోల్టుల దారిలో 0.08 వోల్టు మాత్రమే పోవును. అది పదునైదు వందలవ వంతు, ఎవరికిని తెలియదు. తక్కువ వోల్టుల దారిలో 0.8 వోల్టు, అనగా పదునైదవ వంతు, అచ్చటనే హరించును. మన ఇంటిలో కంటికానని పిసరంత చిలుము ఆ బండిలో దీపమును మసకబార్చుటకు ఇదియే కారణము.

2023 జూను మాసమున మా వదినగారి కుటుంబముతో ఎల్లోస్టోను వనమునకు పోయితిమి. అది చాలభాగము ఏడువేల యడుగులకు పైబడిన యెత్తున నున్నది. వేసవిలోనైనను రాత్రి నీరు గడ్డకట్టునంతటి చలి కలుగవచ్చును. అందు పెక్కు బసలలో విద్యుత్తు లేదు. రాత్రివేళ జనరేటరు నడపరాదు. మేము దిగినదియు అట్టి బసయే.

అర్ధరాత్రమున వేడిగాలి యంత్రపు పంకా తిరుగుచునే యున్నది గాని చల్లని గాలియే వచ్చుచున్నది. దీపములు ఎఱ్ఱబారినవి. గ్యాసును పసికట్టు సాధనము నిమిషమున కొకమాఱు కూయసాగెను. పిల్లలు లేచి కూర్చుండిరి. అన్నయ్యగారు, "దీని ఫ్యూజు తీసివేయుదునా? పిల్లలైనను నిద్రపోదురు" అనిరి. వదినగారు, "గ్యాసు ప్రక్కన పండుకొని కావలివానిని వెళ్లగొట్టుదురా?" అని వారించిరి. వంటపొయ్యి వెలిగించి వెచ్చదనము తెచ్చుకొందమను మాటయు వచ్చినది. దానిని మేము ఒప్పుకొనలేదు. మూసిన బండిలో పొయ్యి మండిన వాసనలేని విషవాయువు పుట్టును. గ్యాసు కట్టివేసి, కిటికీ కొంచెము తెఱచి, ఉన్న కంబళ్లన్నియు కప్పుకొని తెల్లవార్చితిమి.

ఉదయమున వోల్టులు కొలుచు మీటరు తీసితిమి. నాడి చూడక మందిచ్చు వైద్యుని మనము నమ్మము గదా! బ్యాటరీయొద్ద 12.5 వోల్టులు, దోషము లేదు. పంకా తిరుగుచుండగా యంత్రముయొద్ద 10.3 మాత్రమే. రెండు వోల్టులకు పైగా దారిలో దొంగిలబడినవి. పంకా వేగము తగ్గినచో గాలితాకిడికి కదలవలసిన చిన్న రెక్క కదలదు; అది కదలనిదే గ్యాసు మండనీయరాదని యంత్రపు టేర్పాటు. కాబట్టి యంత్రము చెడలేదు, తన ధర్మమును తాను నెరవేర్చినది. మావారు బండిక్రింద దూరగా, మీటరు మేము పట్టితిమి. బ్యాటరీనుండి వచ్చిన ఎర్తు తీగను చట్రమునకు బిగించిన బోల్టుక్రింద రంగును తుప్పును పేరుకొనియుండెను. బ్యాటరీ తీగ విప్పి, ఉప్పుకాగితముతో లోహము మెఱయువఱకు రుద్ది, గట్టిగా బిగించిన పిదప 12.1 చూపెను. వెచ్చని గాలి వచ్చెను, కూతయు మానెను.

ఈ ఎర్తు విషయము కొంచెము వివరింపదగినది. విద్యుత్తు పోవుటకు ఒక తీగ, తిరిగివచ్చుటకు ఒకటి కావలెను. బండిలో తిరుగుదారికి ఇనుపచట్రమునే వాడుట కలదు. ఆ దారి తెగినచో విద్యుత్తు ఊరకుండక మఱియొక దీపపు తంతువుగుండ అడ్డదారిన పోవును. బ్రేకు త్రొక్కిన వెనుకదీపము మందగించుట మొదలగు వింతలకు మూలమిది. పరీక్షించుటకు, పరికరము నడచుచుండగా, మీటరు మొన యొకటి బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవది పరికరపు ఎర్తు తీగకొసకును ఆనింపవలెను. మంచిదారి సున్నకు చేరువగా చూపును. అర వోల్టు దాటిన దోషమున్నది. పరికరమును ఆపి కొలిచిన దొంగ దొరకడు, ఏలయన విద్యుత్తు పాఱనిదే నష్టము లేదు.

బ్యాటరీ సంగతి. చార్జి ఆపి కొన్ని గంటలు ఊరకుంచిన సీసపు బ్యాటరీ 12.6 చూపిన నిండుగా నున్నది, 12.1 దరిదాపున సగము. చార్జి యగునప్పుడు 13.5 మొదలు 14.4 వఱకు చూపును. తీగ తగిలించినను 12.5 దాటనిచో కన్వర్టరును అనుమానింపవలెను. లిథియము బ్యాటరీ చాలవఱకు ఖాళీయగుదాక 13 వోల్టుల చేరువనే నిలుచును గనుక ఈ కొలత దానికి చెల్లదు. ధ్రువములపై తెల్లని పొడి పేరిన, వంటసోడా కలిపిన నీటితో కడుగుడు. ఆ నీరు లోపలికి పోరాదు.

సోదరీమణులు ముఖ్యముగా గమనింపవలసినది: బ్యాటరీయొద్దకు పోవునపుడు బంగారు గాజులు, ఉంగరములు తీసివేయుడు. చేతికి తగిలినను హానిచేయని ఆ 12 వోల్టులే, గాజు ఒకవైపు ధ్రువమునకును మఱియొకవైపు చట్రమునకును తగిలినచో, వందల ఆంపియర్లను దానిగుండ పాఱించి క్షణములో కాల్చును. ఋణతీగను మొదట విప్పి, కడపట తగిలింపవలెను. ఫ్యూజు పోయినచోట పెద్ద ఫ్యూజు పెట్టుట తీగను కాల్చి బండికి నిప్పు పెట్టుటయే.

బండి అద్దెకు గొనునపుడు పెరటిలోని విద్యుత్తు తీగ తొలగింపించి, దీపములన్నియు, పంపును, వేడిగాలి యంత్రమును ఒక్కమాఱుగా పది నిమిషములు నడిపించి చూడుడు. ఇచ్చువారు తొందరపెట్టినను వినకుడు. దోషమున్నచో అచ్చటనే బయటపడును.